పది పాయింట్లు

నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. ఆఫీసులో అందరికీ తెలిసిన సంగతే ఇది. టర్బో ఉన్న పెట్రోలు కారు, అదీ సెకండ్ హ్యాండ్‌ది, కొంటానంటే రైల్వే గుమాస్తాకి అంత స్పీడెందుకన్నారు. కొన్నాను. పొరుగు రాష్ట్రంలో ఘాట్ రోడ్డు మీద కార్ల పోటీ ఉందని తెలిసి పేరిచ్చాను. నలభై దాటిన ఆడదానికి ఇదేం పిచ్చి అన్నారు. ఆ మాటతో నా పంతం ఇంకాస్త బిగిసింది.

పోటీ కోసం మా ఊళ్లోనే ఇందా పేటలో గ్యారేజీ నడిపే మెకానిక్, అందరూ దాదా (అన్న) అని పిలిచే ఆయన చేత ఇంజన్ కంప్యూటర్‌లో సెట్టింగ్ మార్పించాను. కారుకి బలం పెరిగింది, నోరూ పెరిగింది. తొంభై ఏడు ఆక్టేన్ పెట్రోలైతే గానీ పడదట. అప్పట్లో మా ఊరి బంకుల్లో దొరికేది తొంభై ఒకటి. ఆక్టేన్ చాలకపోతే పెట్రోలు తన వంతు రాకముందే లోపల మండిపోతుంది. దాన్ని నాకింగ్ అంటారు. అది ముదిరితే పిస్టన్ పగులుతుంది. పగిలితే ఇంకో ఇంజన్ వేయించే తాహతు నాకు లేదు, పోటీతో పాటు కారూ పోయినట్టే.

ఓవర్‌బ్రిడ్జి ఎక్కుతూ యాక్సిలరేటర్ గట్టిగా నొక్కితే చాలు, డబ్బాలో గులకరాళ్లు ఆడించినట్టు చప్పుడు. దాదాకి చెబితే ఆక్టేన్ బూస్టర్ సీసా చేతిలో పెట్టాడు. ట్యాంకులో పోసుకోండి దీదీ, అందరూ పోస్తున్నారు, ఠీక్ అయిపోతుంది అన్నాడు. సీసా మీద పది పాయింట్లు పెంచుతుందని పెద్ద అక్షరాలతో ఉంది. తొంభై ఒకటికి పది కలిపితే నూట ఒకటి. కావలసినదానికన్నా ఎక్కువే అని మురిసిపోయాను.

మా పేట సుభాష్‌పల్లిలో, ఇంటి ముందు ట్యాంకు మూత తీసి, సీసా సీలు తెంపబోతుంటే నాన్న వచ్చాడు. నాన్న రైల్వే యార్డులో పాయింట్స్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. బండిని ఒక లైను నుంచి ఇంకో లైనుకి మళ్లించే చోటుని అక్కడ పాయింటు అంటారు. ఆయన బతుకంతా ఆ మాట మీదే నడిచింది. చెవులు మందగించాయి గానీ ఆ మాట కంటపడితే వదలడు.

"పది పాయింట్లు సరే. ఇందులో పాయింటంటే ఎంతమ్మా?" అన్నాడు.

ఒకటంటే ఒకటే కదా నాన్నా అని గట్టిగా చెప్పి నవ్వాను.

"ఎవులు సెప్పినారు? నువ్వు సూసినావేటి?"

చూడలేదు. ఆయన అరుగు మీద కూర్చుని, ఎన్నడూ ఇంట్లో చెప్పని సంగతి చెప్పాడు.

"ఓపాలి, పాయింటు పడిందని అవతలోడు సెయ్యూపితే నమ్మీసినాను. పాయింటు కదలకుండా లాకు పడ్డాదో నేదో సూడకుండా జెండా ఊపినాను. రెండు వేగన్లు పట్టాల మీంచి కిందకి దిగిపోనాయి. ఆనాటి నుంచి లాకు సేత్తో తడిమితే గాని జెండా ఎత్తనేదు."

లోపలికి వెళ్లి ఆయన భూతద్దం తెచ్చాను. సీసా వెనక, చీమ తలకాయలంత అక్షరాల్లో ఉంది: పది పాయింట్లంటే ఒక్క ఆక్టేన్. తొంభై ఒకటి కాస్తా తొంభై రెండవుతుంది, అంతే. అది అబద్ధమని కూడా అనడానికి లేదు. చదవని తప్పు నాది.

ముందు దాదా మీద కోపం వచ్చింది, తర్వాత నా మీద నాకే వచ్చింది. రెండు వారాలుగా ఓవర్‌బ్రిడ్జి రాగానే పాట సౌండు పెంచుతున్నదాన్ని నేనే. చప్పుడు పోవాలని కాదు, వినపడకుంటే చాలనుకున్నాను. బూస్టర్లన్నీ మోసమని నేననను. ఎంత కావాలో, సీసాలో ఎంతుందో లెక్క కుదిరితే పోసుకోవచ్చు. నా లెక్క కుదరలేదు.

ఆ సాయంత్రమే ఇందా వెళ్లి పాత సెట్టింగ్ తిరిగి పెట్టమన్నాను. పెంచిన బలమంతా పోతుంది, ఇక పోటీకి వెళ్లి ఏం లాభం దీదీ అన్నాడు దాదా. కంపెనీవాళ్లు ఈ కారుని మామూలు పెట్రోలుకే చేశారు, దాంతోనే వెళ్తాను, పెట్టండి అన్నాను. అతన్ని రెండోసారి అడగనివ్వలేదు.

పోటీలో పద్నాలుగు కార్లలో పదకొండోదాన్నయ్యాను. మలుపు దాటిన ప్రతిసారీ యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కాను, ఇంజన్ పగులుతుందని భయపడి ఎక్కడా కాలు తీయలేదు. అంత సంతోషంగా నేనెప్పుడూ ఓడిపోలేదు.

ఇంటికి రాగానే నాన్నని పక్కన కూర్చోబెట్టుకుని ఓవర్‌బ్రిడ్జి వైపు తీసుకెళ్లాను. ఎన్నోదానివని అడగలేదాయన. పాటెయ్యవా అన్నాడు. వద్దన్నాను. ఎత్తు మొదలవగానే యాక్సిలరేటర్‌ని నేలకి తన్నాను. ఇంజన్ గొంతు పెరిగింది గానీ గులకరాళ్ల చప్పుడు లేదు. ఆయనకది వినపడదు. అందుకని అరచెయ్యి డాష్‌బోర్డు మీద ఆనించి, పైకి చేరేదాకా తియ్యలేదు.

"లాకు పడ్డాదమ్మా," అన్నాడు.