పెద్దమ్మ రాసిన బోర్డు

మా పెద్దమ్మకు కోపం ముక్కు మీదే ఉంటుందని చుట్టాలంతా అంటుంటారు. నిజమే. ఆ కోపం లేకపోతే మా పేటలో కొందరు ఈపాటికి మట్టిలో కలిసిపోయేవారని మాత్రం ఎవరూ అనరు.

పాతికేళ్లు ఆమె బట్టల మిల్లు క్యాంటీన్‌లో వండింది. మిల్లు మూతపడ్డాక, వీధి చివర సేవాసంఘం నడిపే ఉచిత భోజనశాలలో సగం జీతానికి చేరింది. కూరలు తరగడానికి నన్నూ వెంటబెట్టుకెళ్లింది. "ఏమే, తినేవాడి మొహం చూడకు, కంచం చూసి వడ్డించు. మొహం చూస్తే వాడికి సిగ్గు, నీకు గర్వం," అని మొదటి రోజే చెప్పింది.

మిల్లుతో పాటే పేటలో పనులూ పోయాయి. నూటయాభై మంది వచ్చే చోటికి మూడొందల మంది రాసాగారు. బియ్యం మాత్రం పెరగలేదు. అప్పుడు సంఘం కార్యదర్శిగారు వెలగబెట్టిన ఘనకార్యం ఏమిటంటే, ఒక సోమవారం పొద్దున పాత గరిటెలు తీయించి కొత్తవి పెట్టించాడు. తళతళలాడుతున్నాయి. పట్టేది సగమే.

"ఇదేంటి సార్, పసిపిల్లలకు పెట్టే చెంచాలు తెచ్చారు?" అంది పెద్దమ్మ.

"అందరికీ అందాలి కదమ్మా. ఎవర్నీ వెనక్కి పంపలేదన్న మాట ముఖ్యం."

ఆ రోజు ఆమె మనిషికి రెండేసి గరిటెలు వేసింది. సగం లైను ఇంకా ఉండగానే గిన్నె అడుగు కనబడింది. మర్నాటి నుంచి పళ్లు కొరుక్కుంటూ ఒక్కటే వేసింది. వారం తిరక్కుండా సంఘం వాళ్లు రంగుల కాగితం అచ్చేయించి ఇంటింటికీ పంచారు: రోజూ మూడొందల మందికి కడుపునిండా భోజనం! మింగ మెతుకు లేదు గానీ మీసాలకు సంపెంగ నూనె! నాకే ఒళ్లు మండిపోయింది.

రోజూ వచ్చేవాళ్లలో ఒక మగ్గం తాత ఉన్నాడు. మిల్లులో ముప్పై ఏళ్లు మగ్గం నడిపాడు. నోట్లో నాలుక లేని మనిషి. సగం ఇక్కడ తిని, సగం డబ్బాలో పెట్టుకుని, మంచం పట్టిన భార్యకు తీసుకెళ్లేవాడు. కొత్త గరిటెలు వచ్చాక బల్ల దగ్గర కూర్చోవడం మానేశాడు. వేసిందంతా డబ్బాలో పట్టుకుని వెళ్లిపోయేవాడు. నేను చూశాను, పట్టించుకోలేదు. అందుకు నన్ను నేను ఇప్పటికీ తిట్టుకుంటూనే ఉన్నాను. పన్నెండో రోజు ఆయన లైన్లోనే కుప్పకూలాడు.

పెద్దమ్మ పరిగెత్తుకెళ్లి తల ఒళ్లో పెట్టుకుని గంజి తాగించింది.

"తిని ఎన్నాళ్లయింది బాబాయ్?"

"ఆవిడ తింటోందిగా అమ్మా. నాకు అలవాటైపోయింది."

"ఏంటి అలవాటయ్యేది?" అని పెద్దమ్మ అరిచిన అరుపు వీధంతా వినబడింది. ఆయన్ను నాకు అప్పగించి, సుద్దముక్క తీసుకుని గేటు దగ్గరి బోర్డు మీద పెద్ద పెద్ద అక్షరాలతో రాసింది: ఇక్కడ మూడొందల మందికి సగం కడుపే పెడుతున్నాం. బియ్యం చాలడం లేదు. ఇట్లు, వంటమనిషి.

కార్యదర్శి తడిగుడ్డ పట్టుకుని ఉరికొచ్చాడు. "సంఘం పరువు బజార్న పడేస్తావా? చెరిపెయ్. లేదంటే రేపట్నుంచి పనిలోకి రాకు."

పెద్దమ్మ ఇంట్లో పొయ్యి వెలిగేది ఆ సగం జీతంతోనే. ఆ సంగతి ఆయనకూ తెలుసు.

"రేపటి సంగతి రేపు చూద్దాం. ఇవాళ దాని మీద చెయ్యి వేస్తే మాత్రం మర్యాద దక్కదు," అని బోర్డుకు అడ్డంగా నిలబడింది.

ఎదురుగా ఉన్న పచారీ కొట్టాయనకు పిల్లికి కూడా బిచ్చం పెట్టడని పేరు. ఈ గొడవకు రోడ్డు దాటి వచ్చి, బోర్డు రెండుసార్లు చదివి, మళ్లీ కొట్లోకి వెళ్లాడు. తిరిగొచ్చినప్పుడు భుజాన బియ్యం బస్తా ఉంది.

"నెలకో రెండు బస్తాలిద్దామని మొన్ననే అనుకున్నానమ్మా. ఇంతలో మీ కాగితం ఇంటికొచ్చింది. వీళ్లకు పుష్కలంగా ఉందిలే అని ఊరుకున్నా. మా వీధి వాళ్లందరం అలాగే ఊరుకున్నాం," అన్నాడు.

పెద్దమ్మ ఆయనకు దండం పెట్టలేదు, చల్లగా ఉండమని దీవించనూ లేదు.

"నాకెందుకన్నా చెప్తావ్? అటు తిరిగి ఆయనకు చెప్పు. గట్టిగా చెప్పు."

కొట్టాయన బస్తా దించి, కార్యదర్శి వైపు తిరిగి, పొల్లు పోకుండా ఆ మాటలే మళ్లీ చెప్పాడు. ఈసారి లైన్లో ఉన్నవాళ్లంతా విన్నారు.