కొండ మీది నుంచి వీడియో కాల్

ఆ ఆదివారం సిడ్నీ హారిస్ పార్క్‌లో మా పక్క ఫ్లాట్ నేపాలీ అమ్మాయి మాయ ఏడుస్తూ మా తలుపు కొట్టింది. ఏటేటా ఎండలు ముదిరి, వాళ్ల ఊరి పైనున్న హిమానీనదం కరిగి పెద్ద చెరువైందట. పొద్దున దాని గట్టు తెగింది. ఊళ్లో ఉన్న తల్లి ఫోన్ ఎత్తడం లేదు. లోపల కూర్చోబెట్టి, మళ్లీ మళ్లీ ఫోన్ చేయించాను.

మధ్యాహ్నానికి వీడియో కాల్ కలిసింది. ఊరంతా కొండెక్కి కూర్చుంది. తల్లి చేతిలో టీవీ రిమోట్!

“ఇదేంటమ్మా?” అని అరిచింది మాయ.

“సైరన్ మోగగానే చేతికందింది పట్టుకుని పరుగెత్తా. టీవీ, ఇల్లు ఏట్లో కొట్టుకుపోయాయి” అందావిడ నవ్వుతూ. మాయ అది నాకు హిందీలో చెబుతుంటే ఇద్దరం ఏడుస్తూనే నవ్వాం.

“ఇక్కడికి వచ్చెయ్యమ్మా” అని బతిమాలింది మాయ.

“మీ కిటికీలోంచి ఏ కొండ కనిపిస్తుంది?”

“కార్ పార్కింగ్ కనిపిస్తుంది.”

“అయ్యో పాపం!” అంది, ఇల్లు పోగొట్టుకున్న ఆ తల్లి. ఆవిడ జాలి నేనింకా మరచిపోలేదు.