నల్ల పాచి

శామీర్‌పేట దాటాక రోడ్డు పక్కనున్న ఒక రిసార్టులో నేను పదకొండేళ్లు స్టోర్స్ చూశాను. అక్కడ కొండ లేదు, వాగు లేదు. అందుకని యజమాని ఇనుప జాలీ మీద సిమెంటు పూయించి నలభై అడుగుల కొండ కట్టించాడు. పైకి పంపు బిగించి జలపాతం దూకించాడు. దాని ముందు ఫోటోలు దిగడానికి బహదూర్‌పల్లి నుంచి, గాజులరామారం నుంచి జనం టికెట్టు కొని వచ్చేవాళ్లు. ఆ సిమెంటును చూసి "ఆహా, ప్రకృతి!" అనేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండేది. ఆ ప్రకృతిని వారానికోసారి బ్రష్షు పెట్టి తోమాలి. తోమేది జంగమ్మ.

జంగమ్మది శామీర్‌పేటే. భర్త గండయ్య చెరువులో చేపలు పడతాడు. ఆమెకు యాభై దాటాయి, మనిషి బక్కగా ఉంటుంది, గొంతు మాత్రం గేటు దాకా వినిపిస్తుంది. ప్రతి సోమవారం పొద్దున పంపు ఆపించి, చీర ఎగ్గట్టి, బ్లీచింగ్ పౌడర్ బకెట్టుతో కొండ ఎక్కేది. పదహారేళ్లలో ఒక్కసారి కూడా జారలేదు. ఆమెకు తెలిసిన విద్య ఒకటే. పచ్చటి పాచి సబ్బులా జారుతుంది. బ్లీచింగు చల్లితే అదే చచ్చి, నల్లబడి, గరుకుగా అంటుకుపోతుంది. దాని మీద కాలు నిలుస్తుంది. కొత్తగా పనిలో చేరినవాళ్లకు మొదటి రోజే చెప్పేది: "పచ్చగున్న కాడ కాలు వెట్టకు. నల్లగున్న కాడ వెట్టు." పైన లైటు మార్చాల్సి వస్తే మేనేజరు కూడా ఆమెను అడిగే ఎక్కేవాడు. ఆ సంగతి జంగమ్మ నాకు కనీసం ఇరవై సార్లు చెప్పింది.

కొండ మీద ఆమెకు తోడు దుర్గాబాయి. మేడ్చల్ పక్క తండా మనిషి, జంగమ్మ కంటే పదేళ్లు చిన్నది. మొగుడు చనిపోయాడు, ఒక్కతే కూతురు స్రవంతి. దుర్గాబాయికి ఎత్తంటే భయం. తొమ్మిదేళ్లుగా ఎక్కుతున్నా ప్రతి అడుగుకూ ఆగి, "అక్కా, యాడ వెట్టాలె?" అని అడిగేది. జంగమ్మ విసుక్కుంటూనే చెప్పేది. చెప్పడం ఆమెకు ఇష్టమని మా అందరికీ తెలుసు.

నిరుడు ఆగస్టులో యజమానికి బుద్ధి పుట్టింది. స్టాఫునంతా బస్సెక్కించి అసలు జలపాతం చూపిస్తానన్నాడు. దాని పేరు రాయను, పాపం దాని తప్పేమీ లేదు. బస్సు దిగాక అడవిలో గంటన్నర నడక. వానకు బాట అంతా బురద, రాళ్లు. ఆడవాళ్లు చెప్పులు చేతబట్టుకుని, ఒకరి కొంగు ఒకరు పట్టుకుని ఎక్కారు. చెట్లు దాటాక ఒక్కసారిగా నీళ్లు కనిపించాయి. అంత ఎత్తు నుంచి, అంత చప్పుడుతో పడే నీళ్లను మాలో చాలామంది అప్పుడే మొదటిసారి చూశాం.

ముందు దుర్గాబాయే మాట్లాడింది. "అక్కా, దీని పంపు యాడున్నదే?"

"పంపు సంగతి దేవుడెరుగు. గింత కొండ తోమాలంటె మన లెక్కనోళ్లు నూరు మంది గావాలె," అంది జంగమ్మ. అందరం పగలబడి నవ్వాం.

తర్వాత జరిగింది నేను చూడలేదు. ఒడ్డున పులిహోర పొట్లాలు పంచుతున్నాను. కెవ్వుమని అరుపు వినిపించి తిరిగాను. రాళ్ల మీద ఎవరూ లేరు. ఒడ్డున జంగమ్మ చెయ్యి చాపి నిలబడి ఉంది, ఆ చేతిలో ఫోను. కింది ఊరివాళ్లు వచ్చి నీళ్లు పడే గుండంలో దిగి, మూడు గంటల తర్వాత దుర్గాబాయి శవాన్ని పైకి తెచ్చారు. అడవి బాటలో ఆమెను మోసుకొచ్చింది కూడా వాళ్లే.

బస్సులో జంగమ్మ ఆ ఫోను నా ఒళ్లో పెట్టింది. "దుర్గిది సారూ. పిల్లకు మీరే ఇయ్యుండ్రి. నాతోని గాదు." ఫోను మీద నీటి చుక్క లేదు. నేనే తీసుకెళ్లి స్రవంతికి ఇచ్చాను.

మర్నాడు మేనేజరు పిలిచి, నా చేతిరాత బాగుంటుందని, ప్రమాదం ఎలా జరిగిందో నాతోనే కాగితం రాయించాడు. కాపలా లేకుండా స్టాఫును అడవిలోకి తీసుకెళ్లారన్న మాట రాకూడదని అతని భయం. "ఎంత వారించినా వినక సెల్ఫీ కోసం రాళ్ల మీదికి వెళ్లి జారిపడింది" అని అతను చెప్పాడు, నేను రాశాను. ఫోను పొడిగా ఉందని నాకు తెలుసు. అయినా గుండ్రటి అక్షరాలతో రాశాను. ఉద్యోగం పోతుందని భయపడ్డాను, అంతకు మించి కారణమేమీ లేదు. పేపర్లో నాలుగు లైన్లు వచ్చాయి. ఈ వయసులో సెల్ఫీ ఏమిటని ఫోన్లలో ఊరూ పేరూ తెలియని జనమంతా నవ్వుకున్నారు.

స్రవంతి కూడా నమ్మింది. తల్లి ఉద్యోగం ఆ పిల్లకు ఇచ్చి లాండ్రీలో వేశారు. మధ్యాహ్నం క్యాంటీన్లో జంగమ్మ పక్కనే కూర్చుని టిఫిన్ విప్పేది, విప్పగానే తల్లిని తిట్టేది. "గంత షోకు ఏమొచ్చింది పెద్దమ్మా ఆమెకు? ఫోటో కోసం నన్ను ఒక్కదాన్ని జేసి పోయింది." ఇంట్లో తల్లి ఫోటో గోడకు తగిలించలేదు. చూస్తే కోపం వస్తుందట. జంగమ్మ అన్నం పిసుకుతూ వినేది. గేటు దాకా వినిపించే ఆ గొంతు మూగబోయింది. స్నేహితురాలు పోయిన దుఃఖమని మేమంతా అనుకున్నాం.

ఈ జూన్‌లో స్రవంతిని కొండ పనికి మార్చారు. ఆ సోమవారం పొద్దున నేను బ్లీచింగ్ డబ్బా దించి కొండ కిందే నిలబడ్డాను. జంగమ్మ సగం దాకా ఎక్కింది. వెనక స్రవంతి, చేతిలో తల్లి వాడిన తీగ బ్రష్షు. మూడడుగులు వేసి ఆగిపోయి తల పైకెత్తింది.

"పెద్దమ్మా, యాడ వెట్టాలె?"

అచ్చం దుర్గాబాయి గొంతే. ఆ సిమెంటు మీద సరైన జవాబు పాతదే, నల్లగున్న కాడ వెట్టమని. జంగమ్మ చేతిలోని బకెట్టు దొర్లి కింద పడింది. ఆమె ఉన్నచోటే కూలబడిపోయింది.

"మీ అమ్మ గూడ గిట్లనే అడిగింది బిడ్డా," అంది చివరికి. "ఫోటోకు పోలే. నాలుగు సుక్కలు నెత్తిన జల్లుకుంట అని పోయింది. రెండు రాళ్లు దాటి, నన్నడిగింది. రాయికి ఒక దిక్కు పచ్చగుండె, ఒక దిక్కు నల్లగుండె. నల్లగున్న కాడ వెట్టవే అని నేనే ఒర్లిన. నా మాట మీద వెట్టింది."

స్రవంతికి వెంటనే అర్థం కాలేదు. "మరి ఫోను?"

"నా చేతిల్నే ఉండె."

స్రవంతి నా వైపు చూసింది. నేను తల దించుకున్నాను.

జంగమ్మ చెబుతూనే పోయింది. మొదట్లో దుర్గే కాలు తప్పు పెట్టిందని అనుకుందట. దినాలయ్యాక ఒకరోజు వల అల్లుకుంటున్న గండయ్యను ఊరికే అడిగిందట, రాళ్ల మీద ఏ పాచి జారుతుందని. అతను తల కూడా ఎత్తలేదు. "నల్లదే. పచ్చదాని మీదనన్న కాలు ఆగుతది. నల్లది నూనె వోసినట్టే. తూము కాడి రాళ్లు సూడలేదా? గిది గూడ తెల్వదా?" సిమెంటు మీద నల్లబడేది చచ్చిన పాచి, రాతి మీద నల్లగా ఉన్నది బతికున్న పాచి. చెరువు పక్కన ముప్పై ఏళ్లు కాపురం చేసి ఆ ఒక్క ముక్క ఆమె తెలుసుకోలేదు. ఎందుకు తెలుసుకుంటుంది, పాచి గురించి అందరూ ఆమెనే అడిగేవాళ్లాయె.

"చెప్దామనే అనుకున్న బిడ్డా. నువ్వు గూడ నాకు దూరమైతవని..." అంటూ ఏడ్చింది.

స్రవంతి ఏడవలేదు. "తెల్వక జెప్పినవ్. గది తప్పని నేననను. పది నెలల సంది మా అమ్మను నోటికొచ్చినట్టు తిడుతున్న. పక్కన కూసోని బువ్వ ఎట్ల తిన్నవ్ పెద్దమ్మా?"

నేనూ ఆ క్యాంటీన్లోనే తిన్నాను.

స్రవంతి దిగి వచ్చి నా ముందు నిలబడింది. "సారూ, గా కాగితం మల్ల రాయుండ్రి."

రాశాను. ఫోను ఎవరి చేతిలో ఉందో, అది ఎంత పొడిగా ఉందో రాసి సంతకం పెట్టి, ఒకటి మేనేజరుకు, ఒకటి ఆ పిల్లకు ఇచ్చాను. రెండు వారాలకు నన్ను ఇంటికి పంపారు. మేనేజరు అక్కడే ఉన్నాడు. స్రవంతి ఇంట్లో గోడకు తల్లి ఫోటో ఎక్కింది. జంగమ్మ రెండుసార్లు చూడటానికి వెళ్లిందని, రెండుసార్లూ గడప బయటి నుంచే తిరిగొచ్చిందని విన్నాను.

మొన్న సోమవారం సర్టిఫికెట్టు కోసం రిసార్టుకు వెళ్లాను. పంపు ఆపి ఉంది. జంగమ్మ ఇప్పుడు ఎవరికీ ఏ రంగు గురించీ చెప్పడం లేదు. ముందు తను ఎక్కి, కాళ్లు తన్నిపట్టి, వెనక వచ్చేవాళ్లకు ఒక్కొక్కరికీ చెయ్యి అందిస్తోంది. ఇద్దరు కొత్త ఆడవాళ్లు ఆ చెయ్యి పట్టుకుని ఎక్కారు. చివర స్రవంతి వచ్చింది. బ్రష్షు నడుముకు దోపుకుని, మోకాళ్ల మీద పాకుతూ, ప్రతిచోటా అరచేత్తో తడిమి చూసుకుంటూ ఎక్కింది. ఆ పిల్ల తనను దాటి పైకి పోయేదాకా జంగమ్మ చాపిన చెయ్యి వెనక్కి తీసుకోలేదు.