పేర్లు చెప్పని మేడమ్

మా మేడమ్ పోయారు. మొన్న మంగళవారం పొద్దున, జనగామ దవాఖానలో. చాలాకాలంగా కిడ్నీల జబ్బు. నేను మహబూబాబాద్ బస్టాండులో ఉండగా ఆమె చెల్లెలు ఫోన్ చేసి, "అక్క ఇగ లేదు బిడ్డా" అంది. నేను ఎక్కాల్సిన బస్సు కదిలిపోతుంటే చూస్తూ నిలబడ్డాను.

మీలో చాలామందికి ఆమె తెలియదు. తల్లిదండ్రులు కూలికి వలసపోతే ఊళ్లో మిగిలిపోయే పిల్లలు, హాస్టళ్లలో పెరిగే పిల్లలు లోలోపల ఎట్లా ఉన్నారన్నది ఆమె పరిశోధన. మాది నర్సింహులపేట దగ్గరి తండా. లంబాడీ భాష వచ్చని నన్ను సహాయకురాలిగా తీసుకున్నారు. ఆరేళ్లు ఆమె వెంట తిరిగాను.

మొదటిరోజు మా పక్క తండాకే వెళ్లాం. చేతిలో అచ్చువేసిన ప్రశ్నలు: 'నువ్వు ఎంత ఆనందంగా ఉన్నావు? ఒకటి నుంచి ఐదులో చెప్పు.' పదేళ్ల పిల్ల అన్నిటికీ ఐదే అంది. నేను సంబరంగా గుర్తులు పెడుతుంటే మేడమ్ ఆపారు.

"అన్నిటికీ అయిదేనా? ఎందుకు బిడ్డా?"

"తక్కువ చెప్తే మళ్ల మళ్ల అడుగుతరు."

మేడమ్ పకపకా నవ్వి కాగితాలు సంచిలో పెట్టేశారు. పల్లికాయలు ఒలిచి పిల్ల చేతిలో పోస్తూ, "నీకు ఏ పూట గుబులైతది?" అన్నారు. ఆ పిల్ల నములుతూనే లంబాడీలో మొదలుపెట్టింది. అమ్మానాన్నలు మిరపకాయలు ఏరడానికి పోయి నెలలైంది. నాయనమ్మ దగ్గర ఉంటున్నా, రోజూ బడి వదిలాక సొంతింటి తాళం దాకా వెళ్లి చూసి వస్తుందట.

మేడమ్ ఎప్పుడూ పెన్సిల్‌తోనే రాసేవారు. "పిల్ల వద్దంటే చెరపాలె. మాట వాళ్లది" అనేవారు.

భూపాలపల్లి వైపు ఒక ఆడపిల్లల హాస్టల్లో, పిల్లలు మధ్యాహ్నం దాటాక నీళ్లు తాగడం లేదని కనిపెట్టింది ఆమే. బాత్రూం తలుపులకు గొళ్లేలు లేవు. చీకటిపడితే అటు పోవాలంటే భయం. అందుకని దాహాన్ని చంపుకునేవారు. మేడమ్ అది ఒక పేజీ నిండా రాశారు.

నివేదిక చదివిన హాస్టళ్ల శాఖ అధికారి మమ్మల్ని పిలిపించాడు.

"ఈ ఒక్క పేజీ తీసేయండి మేడమ్. మిగతాదంతా అచ్చు వేయిస్తాం."

"ఆ పేజీ కోసమే మిగతాదంతా రాసిన సార్."

"అయితే ఈ మాట చెప్పిన పిల్లల పేర్లివ్వండి. విచారిస్తాం."

పేర్లున్న నోటుబుక్కు నా ఒళ్లోనే ఉంది. మేడమ్ చెయ్యిచాచి దాన్ని తీసుకుని తన సంచిలో పెట్టుకున్నారు.

"గొళ్లెం ఉన్నదా లేదా చూసెటందుకు పేర్లెందుకు సార్? పేరే కావాలంటే నాది రాసుకోండ్రి."

నివేదిక అచ్చుకాలేదు. ఆ తర్వాత ఆమెకు ఏ హాస్టల్లోనూ పరిశోధనకు అనుమతి రాలేదు. ఆరోజు తిరుగుబస్సులో నేను ఏడుస్తుంటే, "ఎందుకేడుస్తవ్? మనకు బుద్ధి చెప్పినమనుకుంటున్నరు. పని చెప్పిండ్రు, గంతే" అన్నారు.

ఆ వచ్చే ఆదివారమే మళ్లీ ఆ హాస్టల్‌కు వెళ్లాం, పిల్లల్ని చూడవచ్చే చుట్టాల్లా. చెట్టుకింద అమ్మాయిల మధ్య కూర్చుని ఆ పేజీ చదివి వినిపించారు. "మీరు చెప్పింది ఇదేనా? ఇంట్ల చెప్పుమంటరా, వద్దా?" అమ్మాయిలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఒక చెయ్యి లేచింది. తర్వాత అన్నీ లేచాయి.

ఆ పై ఆదివారం తల్లులు కట్టగట్టుకుని వచ్చి వార్డెన్ గది ముందు బైఠాయించారు. "మీ ఇంట్ల బాత్రూంకు గొళ్లెం ఉన్నదా లేదా, అది చెప్పుండ్రి ముందు" అని ఒకామె అడిగింది. ఆ వారంలోనే వడ్రంగి వచ్చాడు.

బుధవారం లింగాల ఘనపూర్ దగ్గర ఆమె సొంతూళ్లో అంత్యక్రియలు. అప్పటి ఆ హాస్టల్ అమ్మాయిలు పద్నాలుగుమంది వచ్చారు. ఒకామె నర్సు, ఒకామె చంకలో పాప. ఊరి పొలిమేరలో ఒక పెద్దాయన చెయ్యి అడ్డంపెట్టి, "ఆడోళ్లు గీడనే ఆగుండ్రి" అన్నాడు.

"ఆగం తాతా" అంది నర్సమ్మాయి.

ముందు డప్పు మోగుతోంది. దారికి రెండువైపులా పగిలిన పత్తి. చున్నీలు పత్తిచెట్లకు తగులుకుంటుంటే లాక్కుంటూ, ఆ పద్నాలుగుమందీ పాడె వెనకే నడుస్తూనే ఉన్నారు.