బావ చెయ్యి ఆగిన చోట

మొన్న మా ఇంటి ముందు కాలువ తవ్వుతున్న ఎక్స్‌కవేటర్ ఉన్నట్టుండి ఆగిపోయింది. మేముండే మలేషియా ఊరు క్లాంగ్‌లో ఈమధ్య ఏ వీధి చూసినా ఏదో ఒకటి తవ్వుతూనే ఉంటారు కనుక అందులో వింతేమీ లేదు గానీ, పని మానేసినా ప్రాణం ఊరుకోదు కదా, కాఫీ గ్లాసు పట్టుకుని గేటు దాకా వెళ్లాను. కాసేపటికి ఒక మలాయ్ అమ్మాయి కారులో వచ్చింది. తలకు చుట్టిన తుడుంగ్ మీద హెల్మెట్టు, చేతిలో పలకలాంటి కంప్యూటరు. దాన్ని డ్రైవరు కూర్చునే క్యాబ్‌లో తగిలించి, తెర మీద ఏదో చదివి, తిన్నగా ఒక చోటికే వెళ్లి తీగముక్క మార్చి, ఎవరితోనూ ఒక్క మాటైనా లేకుండా వెళ్లిపోయింది. బకెట్ మళ్లీ లేచింది. అదే పని మేము ఇద్దరం కలిసి, గొంతులు చించుకుని చేసేవాళ్లం.

ఇద్దరమంటే నేనూ, మా అక్క మొగుడైన మా బావా. బాగన్ దాతుక్ కొబ్బరి తోటల్లో పుట్టినవాళ్లం. బావ ముందుగా క్లాంగ్ వచ్చి, యంత్రాలు అద్దెకిచ్చే ఒక చీనా తౌకే దగ్గర మెకానిక్‌గా కుదిరి, తర్వాత నన్నూ ఆ యజమాని దగ్గరే పెట్టించాడు. బావకి పంపులూ నూనె గొట్టాలూ కొట్టిన పిండి. నేను సాయంత్రం క్లాసులకు వెళ్లి కరెంటు పని నేర్చుకున్నాను. ఈ పనిలో ఉన్న మా తరం వాళ్లకు గుర్తుండే ఉంటుంది, యంత్రాల్లోకి ఎలక్ట్రానిక్ పెట్టెలు వచ్చి పడ్డ రోజులవి. ఇంజనుకో పెట్టె, పంపుకో పెట్టె, డ్రైవరు ముందున్న తెరకో పెట్టె. అవన్నీ పురికొసలా మెలిపెట్టిన రెండు సన్నని తీగల మీద ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. ఆ తీగ ఎక్కడ ఒరుసుకుపోయినా తెర మీద ఎర్రగుర్తు వెలిగి, అంతటి యంత్రమూ చతికిలబడుతుంది. అసలు చిక్కేమిటంటే ఆ గుర్తు నిలకడగా ఉండదు, వస్తుంది, పోతుంది.

దాన్ని పట్టుకోవడానికి నేను క్యాబ్‌లో కూర్చుని తెర చూస్తుంటే, బావ బయట ఇంజను పక్కన నిలబడి తీగల కట్టను జానెడు జానెడుగా కదుపుతూ వచ్చేవాడు. గుర్తు వెలగగానే నేను "వచ్చినాది" అని అరవాలి, ఆరిపోతే "పోయినాది" అనాలి. ఆ కేక వినగానే బావ చెయ్యి ఎక్కడ ఆగితే జబ్బు అక్కడ ఉన్నట్టు. ఆ ఇంజను హోరులో మాకు పని చేసిన భాష తెలుగొక్కటే, చుట్టూ ఉన్నవాళ్లు మేమేదో మంత్రాలు చదువుతున్నామనుకునేవారు. మధ్యమధ్య బావా బామ్మర్దుల వేళాకోళాలు ఎలాగూ తప్పవు. నేను ఒకటంటే బావ రెండనేవాడు. "మీ అక్కని మోసినోడికి ఈ మిసను ఓ లెక్కేటిరా" అన్నది ఆయన ఊతపదం. చివరి మాట ఎప్పుడూ ఆయనదే. ఇంట్లో పిల్లలతో తమిళం, యార్డులో మలాయ్ నడిచేవి కనుక, మనసారా తెలుగు మాట్లాడుకునేది మేము ఆ యంత్రం దగ్గరే.

ఏమైందో గానీ, ఒక ఏడాది మాకు జబ్బులు దొరకడం మానేశాయి. బావ కట్టంతా కదిపి ఏమీ లేదనేవాడు. నేనది నమ్మి, తప్పు పెట్టెలోనే ఉందని చెప్పేవాణ్ణి, తౌకే మంచి పెట్టెలు తీసి కొత్తవి వేయించేవాడు, యంత్రం మళ్లీ ఆగేది. మేము పుట్టిన ఊరి పక్కనే, కొబ్బరి కొట్టేసి పామాయిల్ వేసిన తోటలో కాలువలు తీసే యంత్రమైతే మరీ మొండికేసింది. తౌకే నన్ను పక్కకి పిలిచాడు. "ఇంకొక్కసారి ఆగిందా, మీ బావని ఇంటికి పంపేస్తా. సర్టిఫికెట్ ఉన్నవాడివి నువ్వొక్కడివి చాలు" అన్నాడు. బావకి వేరే పని రాదు, పిల్లలింకా చదువుల్లో ఉన్నారు, వెనక్కి పోదామంటే తోటలో కూలీలకిచ్చిన మా లైన్ల ఇళ్లు కూడా కూల్చేశారు.

ఆ రోజు తోటలో మబ్బు పట్టి, చెట్ల కింద పగలే చీకటిగా ఉంది. ఎర్రగుర్తు వెలిగింది. "వచ్చినాది" అని అరిచాను. వెనక అద్దంలోంచి చూస్తే బావ చెయ్యి ఆగలేదు, తీగ మీద అలాగే ముందుకి పోయింది. మరోసారి అరిచాను, అప్పుడూ ఆగలేదు. ఏ బావా ఊరుకోని మాట ఒకటి అనిచూద్దామని, "ఓ దున్నపోతు బావా, నీకిచ్చి మా అక్కని కాలవలో పారేసినాం" అని గొంతెత్తి అన్నాను. ఆయన దీక్షగా తీగ కదుపుతూనే ఉన్నాడు. జీవితమంతా ఇంజన్ల పక్కన గడిపిన ఆ చెవులు ఎప్పుడు పోయాయో, మా పెదాలు చూసి ఎంతకాలంగా నెట్టుకొస్తున్నాడో నాకు తెలియదు.

దిగి వెళ్లి అడగడానికి నోరు రాలేదు. క్యాబ్ పైనున్న పని దీపం మీట నొక్కాను. వెలుగు పడగానే బావ తలెత్తి దీపాన్నీ, అద్దం వెనక నన్నూ చూశాడు. ఆయన ముఖంలో భయాన్ని అంతకుముందు నేనెన్నడూ చూడలేదు. గుర్తు ఆరినప్పుడు దీపం ఆర్పాను, వెలిగినప్పుడు వేశాను. ఆయనకు అర్థమైంది. కాసేపటికి క్యాబ్ కింద, ఎలుకలు కొరికిన చోట, ఆయన చెయ్యి ఆగింది.

బావ ఉద్యోగం నిలిచింది. ఆ తర్వాత అన్ని యంత్రాలూ అలాగే చేశాం, దీపం వేస్తూ, ఆర్పుతూ, పెదవి విప్పకుండా. తౌకేకి ఎన్నడూ తెలియలేదు. కానీ కేకలతో పాటు వేళాకోళాలూ పోయాయి. మాట్లాడితే బయటపడతానని బావ ఇంట్లోనూ నోరు కట్టేసుకున్నాడు, మనిషికి పొగరెక్కిందని అక్క నాతో చెప్పుకుని ఏడ్చేది. చివరికి అందరికీ తెలిసి చెవి మిషను కొనిచ్చేసరికి, అది పెట్టుకుంటే ఇంజను హోరే వినబడుతోందని తీసి పక్కన పెట్టేశాడు.

కిందటేడు వానల్లో బావ ఆసుపత్రి మంచం పట్టాడు. పిల్లలు చెవి దగ్గర తమిళంలో బిగ్గరగా పిలుస్తున్నారు, ఆయన కళ్లు తెరవడం లేదు, వేళ్లు మాత్రం దుప్పటి అంచుని జానెడు జానెడుగా తడుముకుంటూ పోతున్నాయి. ఆ వేళ్లు ఏం వెతుకుతున్నాయో ఆ గదిలో నాకొక్కడికే తెలుసు. మంచం తల దగ్గరున్న దీపం వేశాను. చెయ్యి ఆగింది. కళ్లు కొద్దిగా తెరిచి, "దొరికినాదేట్రా?" అన్నాడు. తలూపాను. ఆయన ఆఖరి మాట అదే.

ఇప్పుడు యంత్రం తన జబ్బు తనే చెప్పుకుంటోంది, ఒక్క మనిషి చాలు, ఎవరి చెవులూ పోనక్కర్లేదు. మంచిదే, కాదనను. ఆ అమ్మాయి కారు మలుపు తిరిగాక, ఎవరూ వినకుండా "వచ్చినాది" అని మెల్లగా అని చూసుకున్నాను, నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. తోటలో ఆ రోజు నేనన్న దున్నపోతు మాట సంగతి బావకి ఎప్పుడూ చెప్పలేదు. దానికాయన ఏమనేవాడో ఎంత ఆలోచించినా నాకు తట్టడం లేదు.