పేరు తెలియని సమాధి కోసం

క్రైస్తవుల సమాధుల పండుగ రోజు పొద్దున ఆరు నలభైకి నరసరావుపేట బస్టాండులో పిడుగురాళ్ళ బస్సెక్కాను. భుజానికి గుడ్డ సంచి, అందులో ఐదు కొవ్వొత్తులు, అగ్గిపెట్టె, నీళ్ళ సీసా, పెరుగన్నం డబ్బా. ఏ ఊరు వెళ్ళాలో తెలుసు. ఎవరి సమాధి దగ్గరికో తెలుసు. ఆ సమాధి మీద ఏ పేరు రాసి ఉంటుందో మాత్రం తెలియదు. ఇంత తెలివితక్కువ ప్రయాణం నేనెప్పుడూ చేయలేదు.

నేను పేటలో జాకెట్లు కుడతాను. మగపిల్లలుగా పుట్టి, ఆడవాళ్ళుగా బతకడానికి ఇళ్ళు వదిలి వచ్చిన మేం కొందరం ఒక గురువమ్మ దగ్గర చేరి ఒకే ఇంట్లో ఉండేవాళ్ళం. ఆ ఇంట్లో పాత పేర్లు ఎత్తకూడదని గురువమ్మ పెట్టిన నియమం. పొరపాటున ఎవరిదైనా పాత పేరు అడిగితే ఆ రోజు అందరి గిన్నెలూ తోమాలి. నేను ఒక్కసారి కూడా తోమలేదు. అదే నా కొంప ముంచింది. నాతో పదకొండేళ్ళు ఒకే చాప మీద పడుకున్న రోజా పాత పేరేంటో ఆ పొద్దుటిదాకా నాకు తెలియదు.

రోజా పోయి మూడేళ్ళయింది. జ్వరం. ఆసుపత్రిలో మగవాళ్ళ వార్డు వాళ్ళు ఆడవాళ్ళ వార్డుకి పంపారు, ఆడవాళ్ళ వార్డు వాళ్ళు వెనక్కి పంపారు. రెండింటి మధ్య వరండాలో స్ట్రెచర్ మీదే ఒక పగలూ ఒక రాత్రీ గడిచాయి. తర్వాత వార్డుతో పని లేకపోయింది. ఊరి నుంచి ఆమె తల్లి, మేనమామ వచ్చి తీసుకెళ్ళారు. వెంట వస్తామంటే మేనమామ ఆసుపత్రి గేటు దగ్గరే ఆపేశాడు. తమ ఊళ్ళో కనిపించొద్దన్నాడు. ఆ మాట విని మూడేళ్ళు ఆగడం నాది తప్పని ఈ ఏడాది అనిపించింది.

నా పక్క సీటు ఎప్పుడూ ఆఖరున నిండుతుంది. సంచి పెట్టుకోవడానికి వీలుగా ఉంటుంది కాబట్టి నేనేమీ అనుకోను. కండక్టర్ వచ్చి ఆధార్ అడిగితే ఇచ్చాను. కార్డు మీద ట్రాన్స్‌జెండర్ అని ఉన్న చోట ఒక్క క్షణం చూసి, "మీకూ ఫ్రీయేనమ్మా," అని సున్నా రూపాయల టికెట్ కొట్టిచ్చాడు. రోజా ఉంటే ఆ టికెట్‌కి ఫ్రేము కట్టించేది. నేను మడిచి పర్సులో పెట్టుకున్నాను.

ఎనిమిదింపావుకి పిడుగురాళ్ళలో దిగాను. బస్టాండు ఎదుట నాలుగు ఇడ్లీ, కారప్పొడి, నెయ్యి నలభై రూపాయలు. కారప్పొడి కొంచెం చూసుకుని వేయించుకోండి. ఈ ఊళ్ళో సున్నం బట్టీలున్నాయి, రోడ్డు పక్క చెట్ల ఆకులు కూడా తెల్లగానే ఉంటాయి. పండుగకి సమాధులకు సున్నం వేస్తారని విని రెండు కిలోలు కొన్నాను. కొట్టు శెట్టిగారు ఇంటికా అని అడిగితే ఇంటికేనన్నాను. ప్లాస్టిక్ బకెట్లో కలపొద్దు, ఉడికి కరిగిపోతుంది, ఇనప బకెట్ చూసుకోమని రెండుసార్లు చెప్పాడు.

తొమ్మిదీ అయిదుకి మాచర్ల బస్సు దొరికింది. దాచేపల్లిలో ఒక పెద్దావిడ బంతిపూల మూటతో ఎక్కింది. ఖాళీగా ఉన్నది నా పక్క సీటొక్కటే. ఒకసారి నన్నూ, ఒకసారి నా కాళ్ళ దగ్గరున్న సున్నం సంచినీ చూసి కూర్చుంది. గురజాల దాటాం. రోడ్డుకి అటూ ఇటూ పత్తి చేలు, వానకు తడిసి కిందికి వేలాడుతున్న పత్తి. దాన్ని చూసి ఒకసారి నిట్టూర్చి, అప్పుడు అడిగింది.

"ఎవరికమ్మాయ్, సున్నం?"

చెల్లెలికన్నాను. ఏం జబ్బని అడిగింది. జ్వరమన్నాను. జ్వరానికి పోయే రోజులా ఇవి అంది. దిగబోతూ మూట విప్పి రెండు దోసిళ్ళ పూలు నా ఒళ్ళో పోసింది.

పదీ యాభైకి రెంటచింతల. నవంబరని క్యాలెండర్ చెప్తుందేగాని ఇక్కడి ఎండకు ఆ సంగతి తెలియదు, గొడుగు తప్పకుండా పెట్టుకోండి. అక్కడి నుంచి షేర్ ఆటోలో ముప్ఫై రూపాయలు, ఇరవై నిమిషాలు. ఊరి పేరు రాయను. ఆ తల్లి అక్కడే బతకాలి. ఊరు రాబోయే ముందు కుడి చేతి పక్కన, పత్తి చేనుకి ఆనుకుని శ్మశానం కనిపించింది. రోడ్డు వైపుకి సిలువల వీపులే ఉన్నాయి. పేర్లన్నీ అటు, ఊరి వైపు తిరిగి ఉన్నాయి. ఊళ్ళో దిగి, చర్చి పక్క సందులోంచి నడిచి గేటు దగ్గరికి వెళ్ళాను.

లోపల తిరునాళ్ళలా ఉంది. కొందరు గడ్డి పీకుతున్నారు, కొందరు సున్నం కొడుతున్నారు, పిల్లలు బకెట్లతో నీళ్ళు మోస్తున్నారు. నా ఉపాయం ఇది: పేరు తెలియకపోయినా రోజా పోయిన తేదీ నాకు తెలుసు. ఒక్కో సిలువ మీద తేదీ చూసుకుంటూ పోతే దొరుకుతుంది. లోపలికి వచ్చాకే అర్థమైంది, సిలువలన్నిటికీ అప్పటికే ఒక పూత సున్నం పడింది. పేర్లూ లేవు, తేదీలూ లేవు. అన్నీ తెల్లగా ఉన్నాయి. రెండు వరుసలు ఊరికే నడిచి, ఎండకు తట్టుకోలేక గోడ నీడన కూలబడ్డాను. కొంచెం ఏడ్చాను కూడా.

అక్కడే ఒక పెద్దమనిషి నల్ల రంగు డబ్బాలో కుంచె కలుపుతున్నాడు. పేరు ప్రకాశం. ఒకప్పుడు గోడల మీద ఎరువుల ప్రకటనలు రాసేవాడట. ఫ్లెక్సీలొచ్చి ఆ పని పోయింది, ఇప్పుడు ఏడాదికొకసారి సిలువల మీద పేర్లు రాస్తాడు. ఎవరి కోసం వచ్చానని అడిగాడు. మూడేళ్ళ కిందట గుంటూరు వైపు ఆసుపత్రిలో పోయిన మనిషి అన్నాను. పేరు అడిగాడు. తెలియదన్నాను.

"పేరు తెలవకుండా ఇంత దూరం వచ్చావా?" అన్నాడు.

"మేం పిలిచే పేరు తెలుసు. మీరు రాసే పేరు తెలియదు."

ఆయన నా వైపు బాగా చూశాడు. కుంచె పక్కన పెట్టి, చొక్కా లోపలి నుంచి ఒక పాత నోటుబుక్ తీశాడు. సున్నం వేస్తే పేర్లు పోతాయి కదా, అందుకని వరుసల వారీగా ఎవరెక్కడున్నారో అందులో రాసి పెట్టుకుంటాడు. తేదీ చెప్పమన్నాడు. వేలు ఆనించుకుంటూ పేజీలు తిప్పి ఒక చోట ఆగాడు. నాలుగో వరుస, చివరి నుంచి రెండోది. తేదీ పక్కన పేరుంది. పదకొండేళ్ళలో తెలుసుకోని పేరు అలా చదివేశాను. ఆ పేరు ఇక్కడ రాయను. గురువమ్మ లేకపోయినా నియమం నియమమే.

నాలుగో వరుసకి వెళ్ళాను. సమాధి దగ్గర ఒకామె గొంతుకూర్చుని పలచటి సున్నం పూస్తోంది. ముఖం చూడకముందే ఆమె వేసుకున్న పసుప్పచ్చ జాకెట్ చూశాను. నేను కుట్టిందే. ఒక క్రిస్మస్‌కి వాళ్ళ అమ్మకి పంపాలని రోజా అడిగితే, కొలతలు లేకుండా తను చేతులు చాపి చూపించిన అందాజాతో కుట్టాను. చంకల్లో బిగుతయింది. ఆ బిగుతు జాకెట్నే పండుగకి వేసుకుంది. ఆమే రోజా అమ్మ, సువార్తమ్మ. నన్ను తలెత్తి చూసింది. పొమ్మంటుందేమోనని సంచి భుజం మీద నుంచి దించలేదు.

"జాకెట్లు కుట్టే అమ్మాయివి నువ్వేగా," అంది. "సున్నం తెచ్చావా? నాది చానా పలచనయింది."

ఆమె ఇనప బకెట్లో సున్నం పోసి నీళ్ళు పోశాం. అది బుడబుడ ఉడికింది. చల్లారేదాకా పక్కపక్కన కూర్చుని నా పెరుగన్నం ఇద్దరం తింటున్నాం. రెండు వరుసల అవతల తన తండ్రి సమాధికి సున్నం కొడుతున్న మేనమామ నన్ను గుర్తుపట్టి వచ్చాడు. వచ్చినదానివి కొవ్వొత్తి పెట్టి పో, గొడవలొద్దు అన్నాడు. సువార్తమ్మ ఆయన వైపు చూడకుండా అన్నం కలుపుతూనే ఉంది. మాకు గొడవ చేసే ఓపిక లేదని నేను చెప్పాను, అదైతే నిజమే.

సున్నం రెండు పూతలు వేశాం. మూడింటికి ప్రకాశం వచ్చి నోటుబుక్ చూసుకుంటూ సిలువ ముందు వైపు ఆ పాత పేరు రాశాడు. రాసినంతసేపూ నేను పత్తి చేను వైపు తిరిగి నిలబడ్డాను. సువార్తమ్మ నన్ను చూసింది.

కాసేపటికి చిన్న గొంతుతో చెప్పింది. "ఒకరోజు ఫోన్లో, అమ్మా ఒక్కసారి నా పేరు పెట్టి పిలవవే అని అడిగాడు. సిగ్గేసి ఫోన్ పెట్టేశా. మళ్ళీ అడగలా."

రోజా ఆ రోజు ఫోను సంగతి నాతో చెప్పింది. అమ్మకి సిగ్నల్ పోయింది అని చెప్పింది. ఆ మాటే సువార్తమ్మకి చెప్పాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చాలాసేపు ఏడ్చింది. నేను ఆమె వీపు మీద చెయ్యి వేసి ఉంచాను.

నాలుగున్నరకి ఫాదర్ గారొచ్చి ప్రార్థన చెప్పి, వరుసలన్నిటి మీదా తీర్థం చల్లారు. మేనమామ చేతులు కట్టుకుని నిలబడి, ఆమెన్ అని, ఇంటికి వెళ్ళిపోయాడు. జనం కొవ్వొత్తులు వెలిగించడం మొదలుపెట్టారు. నేను ఐదూ తీశాను. ఒక్క సమాధికి ఐదెందుకని సువార్తమ్మ అడిగింది. మా ఇంట్లో పోయిన మిగతా వాళ్ళకి సమాధులు లేవని చెప్పాను. గీతని బైపాస్ మీద గుద్దిన కారు ఆగలేదు. పూర్ణని, భర్త అనుకుని కూడు పెట్టినవాడే చంపాడు. శిరీష పురుగుల మందు తాగింది. మా గురువమ్మ ఒక్కతే ముసలితనంతో పోయింది, అందుకని ఆమెని తలచుకుంటే మాకు గర్వంగా ఉంటుంది.

సువార్తమ్మ కొవ్వొత్తులు నా చేతిలోంచి తీసుకుంది. గీత, అంటూ ఒకటి వెలిగించింది. పూర్ణ. శిరీష. గురువమ్మగారు. పిల్లల పేర్లు నేర్చుకుంటున్నంత జాగ్రత్తగా పలికింది. ఐదోది వెలిగించేటప్పుడు పెదవులు కదిలాయిగాని మాట రాలేదు. నేనూ అందించలేదు.

అయిదున్నరకి ప్రకాశం డబ్బా సర్దుకుని వెళ్తుంటే ఆమె పిలిచింది. సిలువ వెనక వైపు కూడా రాయమంది.

"వెనక ఎవరు చూస్తారక్కా?"

"చూడరుగా. రాయి. పెద్దగా రాయి."

ఏమని రాయాలని అడిగాడు. నేను చెప్పబోయాను. సువార్తమ్మ నా చేతి మీద చెయ్యి వేసి ఆపింది. ఎవరినో ఇంట్లోంచి భోజనానికి పిలిచినట్టు పిలిచింది.

"రోజా."

ఆయన వెనక్కి వెళ్ళి, గడ్డిలో మోకాళ్ళ మీద కూర్చుని రాశాడు. తర్వాత నోటుబుక్ తీసి పాత పేరు పక్కన ఈ పేరు కూడా రాసుకున్నాడు. వచ్చే ఏడాది మళ్ళీ సున్నం పడుతుంది కదా, మర్చిపోకూడదని.

సువార్తమ్మ ఆటోల దాకా వచ్చింది. మిగిలిన బంతిపూలు నా సంచిలో వేసి, జాకెట్ చంకల దగ్గర వదులు చేసి పెట్టడానికి క్రిస్మస్ ముందు మళ్ళీ రమ్మంది. వస్తానన్నాను.

"ఎడం పక్కన కూర్చో అమ్మాయ్. ఎండ పడదు," అంది.

అప్పటికి పొద్దు గుంకిపోయింది. పొద్దుట్నుంచీ ఎండలో ఉంది, అలసిపోయి ఏదో అంటోందనుకుని ఎడం పక్కనే కూర్చున్నాను. ఆటో ఊరు దాటి రోడ్డెక్కింది. మసక వెలుతురులో శ్మశానం నా పక్కనే వచ్చింది. వరుసగా సిలువల వీపులు, అన్నీ తెల్లగా, ఏ రాతా లేకుండా. నాలుగో వరుసలో ఒక్కదాని మీద మాత్రం మూరెడు అక్షరాలున్నాయి. రోడ్డు మీద పోయేవాళ్ళందరికీ కనిపించేటట్టు ఉన్నాయి. ఆమెకి తెలిసే రాయించింది.

ఎదురుగా కూర్చున్న ఆవిడ మెడ తిప్పి చదివింది. "రోజా అంట. ఎవరి పిల్లో?"

"సువార్తమ్మగారి కూతురు," అన్నాను. అయ్యో పాపం, అందావిడ.

రెంటచింతలలో ఆరూ ముప్పావుకి పేట బస్సే నేరుగా దొరికింది. మళ్ళీ సున్నా రూపాయల టికెట్. సీటుకి తల ఆనించి, పొద్దున సంచిలో మోసుకొచ్చిన బరువంతా ఆ ఊళ్ళో దింపి వస్తున్నాననుకున్నాను. నిజానికి అంతా దిగలేదు, నలుగురికి ఇంకా చోటు వెతకాలి. కానీ ఒకరికి దొరికింది. మీలో ఎవరికైనా రెంటచింతల చుట్టుపక్కల ఆటోల్లో తిరిగే పని పడితే, పత్తి చేల పక్క శ్మశానాలు వచ్చినప్పుడు ఒకసారి తల తిప్పి చూడండి. ఊరికి వెళ్ళేటప్పుడైతే కుడి పక్కన కూర్చోండి, వచ్చేటప్పుడైతే ఎడం పక్కన. అక్షరాలు పెద్దవే, ఆటో ఆపకుండానే చదవొచ్చు.