ముహూర్తం టైమే పాస్‌వర్డ్

ఏడేళ్లుగా ఒక మాట నా గొంతులో అడ్డంపడి ఉంది. మింగలేను, కక్కలేను. ఈ రోజు మీ ముందు కక్కేస్తున్నాను. జాలిపడమని కాదు. వినండి, చాలు.

ఫిల్మ్ నగర్‌లో ఒక పెద్ద నిర్మాత ఆఫీసులో మాటలు రాసేదాన్ని. ఒక సినిమాకు మొదటి సీను నుంచి చివరి సీను దాకా మాటలన్నీ నావే. టైటిల్స్ సిద్ధమయ్యాక చూస్తే 'మాటలు' అన్నచోట దర్శకుడి పేరు ఉంది. అడిగితే, కొత్తవాళ్లకు ఇక్కడ ఇలాగే ఉంటుందన్నారు. నా మాటలు వాళ్లు ఎత్తుకుపోతే ఆనవాయితీ. వాళ్ల సినిమా నేను ఎత్తుకుపోతే సైబర్ నేరం. బాగుంది కదూ?

విడుదలకు నాలుగు రోజుల ముందు, కంప్యూటర్లు చూసుకునే యాదగిరి అన్న భోజనానికి వెళ్లినప్పుడు ఆయన కుర్చీలో కూర్చున్నాను. హ్యాకర్ అనగానే టీవీల్లో ముసుగేసుకున్న మనిషిని చూపిస్తారు. నేను కాటన్ చీరలో ఉన్నాను. నాకు తెలిసిన విద్య ఒక్కటే. మా నిర్మాత ప్రతి సినిమాకూ ముహూర్తం క్లాప్ కొట్టిన తేదీ, టైమే పాస్‌వర్డ్‌గా పెట్టిస్తాడు. మంచి ఘడియలో వేసిన తాళం ఎవరూ తీయలేరని ఆయన నమ్మకం. మార్చమన్నందుకు యాదగిరి అన్న ఎన్నిసార్లు తిట్లు తిన్నాడో. తేదీ, టైము అచ్చేసి ముహూర్తం పూజకు పిలిచిన కార్డు నా బ్యాగులోనే ఉంది.

సినిమా కాపీ చేసుకుని నెట్‌లో పెట్టేశాను. మర్నాటికి ఊరంతా ఫోన్లలో చూసేసింది. నిర్మాత మునిగాడు. దానికి నేను ఏనాడూ బాధపడలేదు, ఇప్పుడూ పడను.

కానీ పోలీసులు యాదగిరి అన్నను పట్టుకుపోయారు. ఆయన కంప్యూటర్, ఆయన కుర్చీ మరి. ఇది నేను ముందే ఆలోచించలేదా? ఆలోచించాను. నా తప్పంతా అక్కడే ఉంది. అక్కడ కూర్చుంటే నా మీదికి రాదని తెలిసే కూర్చున్నాను. కేసులో ఏమీ తేలలేదు గానీ, ఆయన్ను మళ్లీ ఏ సినిమా ఆఫీసూ గడప తొక్కనివ్వలేదు.

పోయిన ఏడాది ఫోన్ బాగుచేయించుకోవడానికి ఎర్రగడ్డలో ఒక చిన్న కొట్టుకు వెళ్తే, కౌంటర్ వెనక ఆయనే. గుర్తుపట్టి, నాకు కుర్చీ వేశాడు. ఫోన్ పాస్‌వర్డ్ అడిగాడు. చెప్పాను.

"మా సార్ లెక్క ముహూర్తం గిట్ట పెట్టకు చెల్లె," అని నవ్వాడు. "ఎవలో తీసిండ్రు. పేరు నా మీదికొచ్చింది."

"ఎవరని అనుకుంటున్నావన్నా?"

"తెలిస్తే ఒక్కటే అడుగుత. నా కుర్చీలనే ఎందుకు కూసున్నవని."

ఫోన్ తీసుకుని వచ్చేశాను.

తెర మీద నా పేరు పడలేదని రగిలిపోయి చేసిన పని అది. చివరికి పేపర్లో పడింది ఆయన పేరు. నిర్మాతకు క్షమాపణ చెప్పను. దర్శకుడికి అసలే చెప్పను. యాదగిరి అన్నను క్షమించమని అడిగే మొహం నాకు లేదు.

ఆ కుర్చీలో కూర్చున్నది నేనే. రాసేశాను. గొంతు కాస్త తెరిపిన పడింది. కింద నా పేరు మాత్రం, ఈసారి నేనే వేసుకోవడం లేదు.